కృత్రిమ రక్తనాళానికి కవచం

కాలువ మధ్యలో పూడిపోతే చివరి పొలానికి నీరు అందదు. పైరు మొదట వాడుతుంది, తరువాత ఎండిపోతుంది. మన శరీరంలోనూ అంతే. గుండె నుండి బయలుదేరిన రక్తం ధమనుల ద్వారా తల మొదలు కాలివేళ్ళ వరకు ప్రయాణం చేస్తుంది. దారిలో ఎక్కడైనా ధమని లోపలి గోడకు కొవ్వు, సున్నం పేరుకొని మూసుకుపోతే ఆ దిగువనున్న భాగానికి ఆహారం, ప్రాణవాయువు అందవు. అలాంటివారు కొంతదూరం నడిచేసరికి పిక్క పట్టేస్తుంది. నిలబడితే తగ్గుతుంది. మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేస్తుంది. జబ్బు ముదిరితే రాత్రి పడుకున్నా పాదం మండుతుంది, వేలిమీది పుండు మానదు, చివరకు వేలు నల్లబడుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు అలవాటు ఉన్నవారిలోను, చక్కెర వ్యాధి ఉన్నవారిలోను ఈ బాధ ఎక్కువ.

పూడిన కాలువ పక్కనుండి వేరొక పిల్లకాలువ తవ్వి నీరు పారించినట్లే, వైద్యులు మూసుకుపోయిన ధమని పక్కగా వేరొక గొట్టాన్ని కుట్టి రక్తాన్ని పారిస్తారు. దీనినే బైపాస్ ఆపరేషన్ అంటున్నాం. పొట్టలోని పెద్ద ధమని బుడగలా ఉబ్బి పగిలే ప్రమాదం ఉన్నప్పుడు కూడా ఆ భాగంలో గొట్టమే అమర్చుతారు. మూత్రపిండాలు చెడి డయాలిసిస్ చేయించుకునేవారిలో కొందరికి చేతిలో ఇలాంటి గొట్టమే వేస్తారు. ఈ గొట్టానికి గ్రాఫ్ట్ అని పేరు.

గ్రాఫ్ట్ కాలును నిలుపుతుంది, ప్రాణాన్ని నిలుపుతుంది. అయితే దానికి సూక్ష్మజీవులు పట్టి చీము చేరితే, రక్షించిన గొట్టమే ప్రాణం మీదికి తెస్తుంది. అందుచేత దానికి ముందుగానే మందుపూత పూసి కవచం తొడగాలని వైద్యులు ఎన్నో సంవత్సరాలుగా ప్రయత్నిస్తున్నారు. ఆ కవచం ఎలా వచ్చింది, ఎంతవరకు కాపాడుతుంది, అది కాపాడలేని చోట ఇంటివారు ఏమి చేయాలి అనే సంగతులను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

కుట్టుమిషను మీద తయారైన గొట్టం

1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నోను లియోన్ పట్టణంలో ఒకడు కత్తితో పొడిచాడు. పొట్టలోని పెద్ద రక్తనాళం తెగింది. దాన్ని కుట్టే విధానం ఆనాటి వైద్యులకు తెలియదు. ఆయన చనిపోయాడు. అదే పట్టణంలో వైద్యవిద్య చదువుతున్న అలెక్సిస్ కారెల్ అనే యువకుడి మనసులో ఈ సంఘటన నాటుకుపోయింది. పట్టుబట్టలమీద అల్లికపని చేసే ఒక స్త్రీ వద్ద అతడు సన్నని సూదిపని నేర్చుకొన్నాడు. తెగిన రక్తనాళాల అంచులను కారిపోకుండా కలిపి కుట్టే పద్ధతి కనిపెట్టి, 1912లో నోబెల్ బహుమతి పొందాడు.

కుట్టడం తెలిసింది. మరి మూసుకుపోయిన భాగంలో ఏమి పెట్టి కుట్టాలి? 1948లో పారిస్‌లో జాన్ కున్లాన్ అనే వైద్యుడు రోగి కాలినుండే ఒక సిరను తీసి, మూసుకుపోయిన తొడ ధమనికి బైపాస్‌గా అమర్చాడు. నేటికీ కాలి బైపాస్‌కు సొంత సిరను మించినది లేదు. అయితే అందరికీ తగినంత పొడవు, లావు గల సిర దొరకదు. పొట్టలోని పెద్ద ధమనికైతే అంత లావు సిర దొరకడం కష్టం.

న్యూయార్క్‌లో ఆర్థర్ వూర్హీస్ అనే యువ వైద్యుడు 1947లో ఒక కుక్క గుండెను పరీక్షిస్తూ వింత గమనించాడు. కొన్ని నెలల క్రితం గుండె లోపల మిగిలిపోయిన పట్టుదారం చుట్టూ నున్నని పొర పెరిగి ఉన్నది. దారానికే శరీరం ఇలా పొర కప్పుతున్నప్పుడు, గుడ్డతో కుట్టిన గొట్టానికి కప్పదా అని అతడు ఆలోచించాడు. పట్టు చేతిరుమాలుతో గొట్టం కుట్టి కుక్కలో పెట్టి చూశాడు. ఆ తరువాత విన్యాన్-ఎన్ అనే కృత్రిమ వస్త్రంతో ప్రయత్నించి 1952లో ఫలితాలు ప్రకటించాడు. 1953లో మనుషులకు అమర్చాడు.

అదే కాలంలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మైకేల్ డిబేకీ అనే వైద్యుడు నైలాను గుడ్డ కొనడానికి బట్టల దుకాణానికి వెళ్ళాడు. నైలాను అయిపోయింది, డాక్రాన్ అనే కొత్త గుడ్డ ఉన్నదన్నారు. చేతితో తడిమి చూసి అదే కొన్నాడు. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న కుట్టుపని అప్పుడు అక్కరకు వచ్చింది. భార్య కుట్టుమిషను మీద గొట్టాలు కుట్టాడు. డాక్రాన్ అంటే మరేమీ కాదు, మనం టెర్లిన్ చొక్కా అని చెప్పుకునే పాలియెస్టరే. ఆ గుడ్డనే ఇప్పటికీ పెద్ద ధమనులకు వాడుతున్నారు. 97 ఏళ్ళ వయసులో డిబేకీ సొంత ధమనే చీలిపోతే, ఆయన ప్రచారంలోకి తెచ్చిన డాక్రాన్ గొట్టాన్నే 2006లో ఆయనకు అమర్చారు. మరి రెండేళ్ళు జీవించి 2008లో కన్నుమూశాడు.

1970లలో మరొక రకం గొట్టం వచ్చింది. అంటుకోని పెనాలకు పూసే టెఫ్లాన్‌ను సాగదీసి, కంటికి కనబడని రంధ్రాలతో చేసిన గొట్టం అది. డయాలిసిస్ గ్రాఫ్టులు ఎక్కువగా ఈ రకమే.

పరాయి వస్తువు మీద సూక్ష్మజీవి

మన చర్మం మీద, ముక్కులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. పదిమందిలో ఇద్దరు ముగ్గురి ముక్కులో చీము పుట్టించే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనేది నివసిస్తూనే ఉంటుంది. అయినా మనకు రోజూ చీముగడ్డలు రావడం లేదు. రక్తంలోని తెల్లకణాలు వాటిని అదుపులో ఉంచుతున్నాయి.

1957లో ఇంగ్లండులో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఒప్పుకున్న మనుషుల మీదనే ఒక పరీక్ష చేశారు. చర్మం కింద చీము పట్టించాలంటే లక్షల కొద్దీ సూక్ష్మజీవులను ఎక్కించవలసి వచ్చింది. అయితే అక్కడ ఒక పట్టుదారం కుట్టు ఉంటే కొన్ని వందలే చాలినాయి. ఒక్క దారపుపోగు సూక్ష్మజీవి బలాన్ని వేల రెట్లు పెంచింది. ఒక దారమే ఇంత పని చేస్తే, అంగుళాల కొద్దీ గుడ్డ గొట్టం ఎంత అవకాశం ఇస్తుందో ఊహించుకోవచ్చు.

ఎందుకిలా? దుక్కి దున్ని విడిచిపెట్టిన మడిని తలచుకోండి. ముందుగా నారు నాటుకుంటే పైరు కమ్ముకుంటుంది, కలుపుకు చోటుండదు. ముందుగా కలుపు లేచిందా, పైరు తేరుకోదు. కొత్తగా వేసిన గొట్టం కూడా అటువంటి మడే. దాన్ని మన శరీర కణాలు ముందు ఆక్రమించుకుంటాయా, సూక్ష్మజీవులు ముందు ఆక్రమించుకుంటాయా అన్నదే ప్రశ్న. ఆంథొని గ్రిస్టీనా అనే అమెరికా వైద్యుడు 1987లో దీనిని ఉపరితలం కోసం జరిగే పరుగుపందెంగా వర్ణించాడు. పూతలను గూర్చిన పరిశోధన అంతా ఈ పందెంలో శరీరాన్ని గెలిపించే ప్రయత్నమే.

సూక్ష్మజీవులు ముందు చేరితే అవి ఊరుకోవు. తమ చుట్టూ జిగురువంటి పొర అల్లుకొని దానిలో కాపురం పెడతాయి. చెరువుమెట్ల మీద పాచి పట్టినట్లన్నమాట. నీళ్ళు పోస్తే పాచి పోతుందా? అలాగే ఆ జిగురులోకి తెల్లకణాలు చొరబడలేవు, యాంటీబయోటిక్ మందులు చాలినంత చేరవు. మందు వాడినన్నాళ్ళు జ్వరం తగ్గుతుంది, ఆపగానే తిరగబెడుతుంది. చాలామందికి ఆ గొట్టాన్ని తీసివేసి వేరొక దారిలో రక్తం పారించవలసి వస్తుంది. అది మొదటి ఆపరేషన్ కంటె ఎంతో కష్టమైనది. కొందరు కాలు పోగొట్టుకుంటారు. పొట్టలోని గొట్టమైతే ప్రాణాపాయమే.

ఇది అందరికీ జరిగేది కాదని కూడా చెప్పాలి. గొట్టం వేసిన స్థలాన్నిబట్టి నూటికి ఒకరి నుండి ఆరుగురి వరకు ఈ బాధ కలుగుతుంది. పొట్టలో తక్కువ, గజ్జ దగ్గర కుట్టినప్పుడు ఎక్కువ. గజ్జ చెమట పట్టే చోటు. మలమూత్ర ద్వారాలకు దగ్గర. పైగా పాదంలో పుండు ఉంటే అక్కడి సూక్ష్మజీవులు గజ్జ బిళ్ళల దాకా వస్తాయి. చక్కెర వ్యాధి, పొగ అలవాటు దీనికి తోడైతే గాయం ఆలస్యంగా మానుతుంది.

పూత ఎలా పుట్టింది?

ఆశ్చర్యమేమంటే, మొదటి పూతలు సూక్ష్మజీవుల కోసం వేసినవి కావు. అల్లిన డాక్రాన్ గొట్టంలో రక్తం పోస్తే పలుచని గుడ్డలోంచి నీరు కారినట్లు కారిపోయేది. ఆపరేషన్ గదిలో రోగి రక్తాన్నే కొంత తీసి, గొట్టానికి పట్టించి, అది గడ్డకట్టి రంధ్రాలు మూసుకున్నాక అమర్చేవారు. దీనికి సమయం పట్టేది. అత్యవసరంలో సమయం ఎక్కడిది? అందుకని కర్మాగారంలోనే గొట్టానికి జెలటిన్, కొల్లాజెన్ వంటి మాంసకృత్తుల పూత వేసి పంపడం మొదలుపెట్టారు. గోడకు సున్నం వేసేముందు బీటలు పూడ్చినట్లు ఆ పూత రంధ్రాలను పూడ్చేది. కొద్ది వారాలలో అది కరిగిపోయేసరికి శరీర కణజాలం ఆ స్థలంలో అల్లుకునేది.

రంధ్రాలు పూడ్చే ఆ పూతలోనే మందు నింపితే ఎలా ఉంటుందని వైద్యులు ఆలోచించారు. ఎన్నుకున్న మందు రిఫాంపిసిన్. మన పల్లెలలో ఈ మందు తెలియనివారు తక్కువ. క్షయ రోగులు మింగే ఎర్రని మందు, మూత్రాన్ని నారింజరంగుకు మార్చేది ఇదే. 1957లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఫ్రాన్సు సముద్రతీరంలోని ఒక పైన్ తోపునుండి తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నారు. అది తయారుచేసే పదార్థాన్ని మార్చి, మెరుగుపరచి ఈ మందు చేశారు. 1968లో అది వాడుకలోకి వచ్చింది. స్టెఫిలోకాకస్ జాతి మీద ఇది గట్టిగా పనిచేస్తుంది. జెలటిన్‌కు బాగా అంటుకుంటుంది. ఆపరేషన్ గదిలో తెల్లని గొట్టాన్ని పావుగంటసేపు రిఫాంపిసిన్ ద్రావణంలో నానబెడితే, రంగులో ముంచిన నూలుచిలపలా ఎర్రబడి వస్తుంది. శరీరంలో అమర్చాక కొద్ది రోజులపాటు ఆ మందు గొట్టం చుట్టూ ఊరుతూ ఉంటుంది. పరుగుపందెంలో మొదటి రోజులే కీలకం కాబట్టి ఈ పద్ధతిపై గొప్ప ఆశలు కలిగాయి.

రెండవది వెండిపూత. పసిబిడ్డకు వెండి ఉగ్గుగిన్నెతో పాలు పట్టే అలవాటు మన ఇళ్ళలో ఉన్నదే. వెండికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నమాట నిజం. 1881లో జర్మనీ వైద్యుడు క్రేడే, పుట్టిన బిడ్డ కళ్ళలో వెండి లవణపు చుక్కలు వేసి ఎందరో శిశువులకు చూపు పోకుండా కాపాడాడు. డాక్రాన్ గొట్టానికి వెండి పొర గాని, వెండి లవణం గాని పూస్తే అది మెల్లగా కరుగుతూ సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. వెండితోపాటు ట్రైక్లోసాన్ అనే మరొక క్రిమినాశినిని కలిపిన గొట్టాలు కూడా వచ్చాయి.

పరీక్షలలో తేలినదేమిటి?

మందు బాగున్నదనిపించడం వేరు, బాగున్నదని రుజువు కావడం వేరు. రోగులను చీటీలు తీసినట్లు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు పూత గొట్టం, మరొక గుంపుకు మామూలు గొట్టం వేసి, నెలల తరబడి గమనిస్తేనే నిజం బయటపడుతుంది. యూరప్ వైద్యులు రిఫాంపిసిన్ గొట్టాల విషయంలో అలాగే చేశారు. ఆ పరీక్షలన్నింటిని కలిపి పరిశీలించిన సమీక్ష 2006లో వెలువడింది. మొదటి నెలలో గాని, రెండేళ్ళ తరువాత గాని, పూత వేసినవారికి వేయనివారికి చీము పట్టడంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

అదే సమీక్షలో మరొక సంగతి వెల్లడయింది. ఆపరేషన్ సమయంలో యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఇచ్చినవారిలో గాయానికి చీము పట్టడం, ఇవ్వనివారితో పోలిస్తే సుమారు నాలుగో వంతుకు తగ్గింది. గొట్టానికి తొలిరోజులలో చీము పట్టడం మూడో వంతుకు తగ్గింది. ఆ ఇంజెక్షన్‌ను ఒకరోజుకు మించి కొనసాగించినందువల్ల అదనపు ప్రయోజనం కనబడలేదు. ఖరీదైన కవచం కంటె, సరైన వేళకు ఇచ్చిన సాధారణమైన మందే ఎక్కువ రక్షణ ఇచ్చిందన్నమాట.

వెండిపూత విషయంలోనూ ఫలితాలు మిశ్రమంగానే ఉన్నాయి. కొన్ని ఆసుపత్రుల అనుభవంలో మేలు కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు.

అయితే పూతలన్నీ వృథా అనుకుందామా? తొందరపడకూడదు. మెడలోని పెద్ద సిరలోకి వేసే సెలైన్ గొట్టాలకు మినోసైక్లిన్, రిఫాంపిసిన్ పూసి 1997లో అమెరికాలో పరీక్షించారు. పూత లేని గొట్టాలు వేసినవారిలో నూటికి 5 మందికి రక్తంలో విషం చేరగా, పూత ఉన్న గొట్టాల గుంపులో ఒక్కరికీ చేరలేదు. గుండెకు అమర్చే పేస్‌మేకర్‌ను అవే మందులున్న వలసంచిలో పెట్టి చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. దానిలో 6,983 మంది పాల్గొన్నారు. ఏడాదిలోగా తీవ్రంగా చీము పట్టినవారు సంచి లేని గుంపులో నూటికి 1.2, సంచి ఉన్న గుంపులో 0.7. తేడా చిన్నదిగా కనిపించినా, ప్రమాదం 40 శాతం తగ్గింది. ఇంత చిన్న తేడాను పట్టుకోవడానికి ఏడువేలమంది కావలసి వచ్చారని గమనించండి. రక్తనాళాల గొట్టాల మీద జరిగిన పరీక్షలు ఇంత పెద్దవి కావు.

వేరే కారణాలు కూడా ఉన్నాయి. పూతలోని మందు కొద్ది రోజులలో అయిపోతుంది. సూక్ష్మజీవి ఆరునెలలకో, ఆరేళ్ళకో రక్తం ద్వారా వచ్చి చేరితే ఆనాటికి కవచం ఉండదు. పేగులలో ఉండే సూక్ష్మజీవుల మీద రిఫాంపిసిన్ బలం తక్కువ. పైగా ఒక్క రిఫాంపిసిన్‌నే వాడితే సూక్ష్మజీవులు దానికి త్వరగా అలవాటుపడి లొంగకుండా పోతాయి. క్షయకు దానిని ఎప్పుడూ ఇతర మందులతో కలిపి ఇచ్చేది ఇందుకే. ఈ కారణాలన్నింటివల్ల చాలామంది వైద్యులు ఎర్రగొట్టాన్ని అందరికీ వాడక, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి, ముఖ్యంగా చీము పట్టిన పాతగొట్టం తీసివేసి ఆ స్థలంలో కొత్తది అమర్చవలసినవారికి వాడుతున్నారు.

ఇప్పుడు పరిశోధన మరొక దారి పట్టింది. సూక్ష్మజీవిని చంపడం కాక, అసలు అంటుకోనివ్వకుండా తామరాకు మీది నీటిబొట్టులా జారిపోయేట్లు చేసే పూతలను పరిశీలిస్తున్నారు. మనిషి కండకణాలతో ప్రయోగశాలలో పెంచి, తరువాత కణాలను కడిగివేసి తయారుచేసిన రక్తనాళానికి 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కాళ్ళు చేతుల ధమనులు గాయపడి, వెంటనే రక్తం పారించవలసి ఉండి, సొంత సిర వాడే వీలు లేనివారికి అది ఉద్దేశింపబడింది. ఆ నాళం చిట్లే ప్రమాదముందన్న హెచ్చరికను కూడా దానికి జతచేశారు. ప్రతి కొత్త సాధనానికి లాభమూ ఉంటుంది, వెలా ఉంటుంది.

డయాలిసిస్ చేయించుకునేవారికి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మన పాఠకులకు తెలిసినదే. ఇతర జిల్లాలలోనూ చక్కెర వ్యాధి, రక్తపోటు కారణంగా డయాలిసిస్‌కు వెళ్ళేవారు పెరిగారు. వారికి వారానికి రెండు మూడుసార్లు రక్తాన్ని బయటికి తీసి శుభ్రం చేసి లోపలికి పంపాలి. దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది ఫిస్టులా. చేతిలోని సొంత ధమనిని, సొంత సిరను కలిపి కుట్టడమే. న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, చిమినో, వారి సహచరులు 1966లో ఈ పద్ధతిని ప్రకటించారు. దీనిలో పరాయి వస్తువు లేదు, పూత అవసరం లేదు. చీము పట్టే ప్రమాదం అన్నింటికంటె తక్కువ. రెండవది గ్రాఫ్ట్. సిరలు సన్నగా ఉన్నవారికి, ఫిస్టులా పనిచేయనివారికి వేస్తారు. మూడవది మెడలో వేసే గొట్టం. వెంటనే పనికివస్తుంది గాని, సూక్ష్మజీవులు రక్తంలో చేరే ప్రమాదం దీనితోనే ఎక్కువ.

ఫిస్టులా బలపడడానికి కొన్ని వారాలు, ఒక్కొక్కరికి నెలలు పడుతుంది. అందుచేత డయాలిసిస్ ముందుముందు తప్పదని వైద్యుడు చెప్పిన రోజుననే దానిని గూర్చి అడగాలి. "ఇప్పుడే ఎందుకులే, చూద్దాం" అని వాయిదా వేస్తే, తీరా అవసరం వచ్చేసరికి మెడగొట్టమే గతి అవుతుంది. ఎడమచేతికి ఫిస్టులా వేయాలనుకుంటే ఆ చేతి సిరలలో సూదులు పొడిపించుకోకుండా ముందునుండే కాపాడుకోవాలి.

ఇంటివారు చేయదగిన పనులు

పూత వేయాలా వద్దా అన్నది సర్జన్ నిర్ణయం. దానికి మించిన రక్షణలో సగం మన చేతులలోనే ఉన్నది. నాన్నగారికో, అత్తగారికో, తోబుట్టువుకో ఇలాంటి ఆపరేషన్ జరుగబోతుంటే ఈ కింది విషయాలు గుర్తుంచుకోండి.

1. సొంత సిర వాడే వీలున్నదా అని వైద్యుణ్ణి అడగండి. అడిగినందుకు మంచి వైద్యుడెవరూ కోపగించుకోరు.

2. ఆపరేషన్‌కు ముందు వైద్యులు చెప్పినట్లు సబ్బుతో ఒళ్ళంతా శుభ్రంగా స్నానం చేయించండి. గజ్జలో గాని, కాలిమీద గాని వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీయవద్దు. కంటికి కనబడని గాట్లలో సూక్ష్మజీవులు చేరుతాయి. అవసరమైతే ఆసుపత్రివారే కత్తిరిస్తారు.

3. ముక్కులో స్టెఫిలోకాకస్ ఉన్నదా అని కొన్ని ఆసుపత్రులలో పరీక్షిస్తారు. అలా ఉన్నవారికి ముక్కులో మందు పూసి, క్రిమినాశక సబ్బుతో స్నానం చేయిస్తే ఆ సూక్ష్మజీవివల్ల కలిగే ఇన్‌ఫెక్షన్లు నూటికి 7.7 నుండి 3.4కు తగ్గినట్లు 2010లో నెదర్లాండ్స్ పరిశోధన తెలిపింది. కాబట్టి ముక్కులో దూదిపుల్ల పెడితే కంగారుపడవద్దు.

4. చుట్ట, బీడీ పూర్తిగా మానిపించండి. చక్కెరను అదుపులో ఉంచండి. పుచ్చిన పళ్ళు, పాదంలో పుండ్లు, మూత్రంలో మంట ఉంటే దాచకుండా వైద్యునికి ముందే చెప్పండి. తరువాతి రోజులలో సూక్ష్మజీవులు ప్రయాణం ప్రారంభించేది అక్కడినుండే.

5. గాయం మీద పసుపు, కొబ్బరినూనె, ఆకుపసరు, బూడిద ఏదీ రాయవద్దు. రోగికి నూనె రాసి ప్రార్థించే వాడుక ఉన్న సంఘాలలో నుదుట రాస్తే చాలు, కట్టు జోలికి పోవద్దు.

6. రోగిని పరామర్శించడం మంచిపని. కాని పదిమంది ఒకేసారి మంచం చుట్టూ చేరవద్దు. వెళ్ళిన ప్రతివారు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దగ్గు, జలుబు, చర్మం మీద సెగ్గడ్డలు ఉన్నవారు కబురు పంపితే చాలు. సంఘపెద్దలు, స్త్రీల సమాజంవారు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని వెళ్ళడం శ్రేష్ఠం.

7. డయాలిసిస్ గ్రాఫ్ట్ ఉన్న చేతిని సూది గుచ్చేముందు సబ్బుతో కడగాలి. ఆ చేతికి రక్తపోటు చూడనివ్వవద్దు, రక్తం తీయనివ్వవద్దు. బిగుతు గాజులు, గడియారం పెట్టవద్దు. ఆ చేతిమీద తలపెట్టి పడుకోవద్దు, బరువులు మోయవద్దు. రోజూ ఉదయం వేళ్ళతో తాకి చూస్తే తేనెటీగ గుయ్యిమన్నట్లు అదురు తెలుస్తుంది. అది తెలియకపోతే ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొక ముఖ్య విషయం. గాయం మానిన తరువాత కూడా, నెలలు గడిచినా, సంవత్సరాలు గడిచినా, ఈ గుర్తులు కనబడితే ఆలస్యం చేయకూడదు: కారణం తెలియని జ్వరం, వణుకు, గొట్టం ఉన్నచోట ఎరుపు, వేడి, నొప్పి, కుట్టు దగ్గర నీరో చీమో కారడం, గుండెతోపాటు కొట్టుకునే కొత్తవాపు. గొట్టం దగ్గరనుండి కొద్దిగా రక్తం కారి ఆగిపోయినా సరే, అది పెద్ద రక్తస్రావానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చండి. పొట్టలో గొట్టం ఉన్నవారికి రక్తపు వాంతి గాని, నల్లని విరేచనం గాని అయితే అదీ అత్యవసరమే. ఊరిలో దొరికిన యాంటీబయోటిక్ మాత్రలు నాలుగు మింగి ఊరుకుంటే జ్వరం దాగుతుందే గాని జబ్బు పోదు. వైద్యుని వద్దకు వెళ్ళగానే "నా ఒంట్లో గ్రాఫ్ట్ ఉన్నది" అని మొదట చెప్పాలి. ఆపరేషన్ కాగితాలు పారవేయకుండా భద్రపరచండి.

పట్టుదారపు సూదిపని నుండి ప్రయోగశాలలో పెంచిన నాళం వరకు ఈ ప్రయాణం నూరేళ్ళు దాటింది. రేపు ఇంతకంటె మేలైన పూతలు రావచ్చు, మన జిల్లా ఆసుపత్రులకూ అందవచ్చు. వచ్చినా, అవి కాపాడేది మొదటి కొద్ది రోజులనే. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆ గొట్టాన్ని కాపాడేది కడిగిన చేయి, మానిన బీడీ, దాచని పుండు, వేళకు ఆసుపత్రికి నడిపించే మనిషి. ఆ కవచం ఏ కర్మాగారంలోనూ తయారు కాదు. ప్రతి ఇంటిలోనూ తయారు కావాలి.